ఆదివారం పొద్దున పిట్టల ఆట

చిరంజీవి అమ్ములుకు,



మదీనాగూడ ఫ్లాట్‌లో సామాన్లు సర్దుకోవడం అయిపోయిందని, బాబు కొత్త బడికి అలవాటు పడ్డాడని మీ అమ్మ చెప్పింది. సంతోషం. మీ అపార్ట్‌మెంట్ పిల్లల్ని పోగేసి ఆదివారం పొద్దున పక్షుల ఆట ఒకటి మొదలుపెడతానని, ఎట్లా నడపాలో చెప్పమని రాశావు కదా. ఆ చుట్టుపక్కలే ఏళ్ల తరబడి ఉండి, అక్కడి పిల్లలతో ఆ పని చేసినదాన్ని. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు నువ్వు ఫొటో పంపిన ఆ కార్డుల పెట్టె సంగతి. పెంగ్విన్, టూకాన్, ఉష్ట్రపక్షి... బొమ్మలు బాగున్నాయి. మీ బాబు వాటన్నిటి పేర్లూ గడగడా చెప్పేస్తాడు, నాకు తెలుసు. కింద పార్కింగ్‌లో కారు పక్కద్దంలో తన నీడని చూసి మరో పిట్ట అనుకుని పొడిచి పొడిచి చంపుతున్న తేనెపిట్టని మాత్రం చూడకుండానే స్కూల్ బస్సెక్కేస్తాడు. ఆ పెట్టెని అటకెక్కించు. మీ ఆటలో ఉండాల్సినవి మీ గేటుకీ, మీ చెరువుకీ మధ్య తిరిగే పిట్టలే.

రెండోది, నువ్వు అనుకున్న మార్కుల పద్ధతి. ఎవరు ఎక్కువ పక్షుల పేర్లు రాస్తే వాళ్లకి బహుమతి అన్నావు. దీని మీద మాత్రం నీతో గట్టిగా వాదిస్తాను. పెద్దవాళ్లకి అలాంటి ఆట ఉంది. 2005లో ముంబైలో మొదలైన బర్డ్ రేస్ తర్వాత మన హైదరాబాద్‌కీ వచ్చింది. జట్లుగా తెల్లవారకముందే బయల్దేరతారు, చీకటి పడేదాకా చెరువులూ గుట్టలూ తిరుగుతారు, ఎన్ని రకాలు కనబడ్డాయో రాత్రికి లెక్క చెప్పుకుంటారు. పక్షులంటే అప్పటికే ప్రాణం పెట్టేవాళ్లకి అది పండగ. ఎనిమిదేళ్ల పిల్లాడి చేతికి అదే లెక్క ఇచ్చావనుకో, వాడి కళ్లు జాబితా మీదే ఉంటాయి. కాకి అని రాసుకున్న మరుక్షణం కాకితో వాడికి పని తీరిపోతుంది. ఇక ఆ కాకి ఎండు కొబ్బరిపీచు పీక్కుని ఎక్కడికి పోతోందో వాడికి అక్కర్లేదు. మీ ఆటలో ఒక పిట్ట దగ్గర ఎక్కువసేపు నిలబడ్డవాడు గెలవాలమ్మా. నేను ఈ ఉత్తరంలో చెప్పబోయేదంతా ఈ ఒక్కదాని చుట్టూనే.

ఆట ఇట్లా ఆడించు. దీని పేరు 'ఏం చేసింది?'. గుప్పెడు చింతగింజలు ఒక చిన్న సంచిలో వేసుకో. పిల్లలు పదిమంది లోపు ఉంటే మేలు, మరీ ఎక్కువైతే రెండు గుంపులు చెయ్యి. పొద్దున ఆరున్నరకల్లా కిందికి దిగండి. ఎనిమిది దాటితే హైవే మీద హారన్లు మొదలవుతాయి, పిట్టలూ సద్దుమణుగుతాయి. ఒక పిట్టని నువ్వే ఎంచు. అది ఎగిరిపోయేదాకా అందరూ నోరు మూసుకుని దాన్నే చూడాలి. ఎగిరిపోయాక గుండ్రంగా కూర్చుని, వరసగా ఒక్కొక్కరూ అది చేసిన పని ఒక్కొక్కటి చెప్పాలి. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. చెప్పినవాళ్లకి ఒక చింతగింజ. చెప్పడానికి ఏమీ లేనివాళ్లు ఆ వంతుకి ఆగిపోతారు. 'బాగుంది', 'ముద్దుగా ఉంది' అంటే గింజ లేదు. 'నల్లగా ఉంది' అన్నా లేదు. ఎక్కడ నల్లగా ఉందో, ఎక్కడ కాదో చెబితే ఉంది. ఒకరు చూడనిది కల్పించి చెప్పారని తోటివాళ్లకి అనుమానం వస్తే పోట్లాట వద్దు, వచ్చే ఆదివారం అదే పిట్ట దగ్గరికి మళ్లీ వెళ్లి చూడాలి. చివరి గింజ మాత్రం అది ఏ వైపు ఎగిరిందో, ఎక్కడ వాలిందో చెప్పినవాళ్లది.

మొదటి ఆదివారానికి పసుల పోలిగాడిని ఎంచుకో. కొందరు ఏట్రింత అంటారు. నిగనిగలాడే నలుపు, చివర చీలిన పొడుగాటి తోక. కాకిలా పారిపోదు, పిచ్చుకలా కంగారుపడదు, కేబుల్ తీగ మీద ఒకే చోట కూర్చుని పిల్లలకి కావలసినంత సమయం ఇస్తుంది. ఊళ్లో బర్రెల వీపు మీద కూర్చుని, అవి నడుస్తుంటే గడ్డిలోంచి లేచే మిడతల్ని పట్టుకుంటుంది. మీ దగ్గర తోటమాలి గడ్డి కోసే మిషన్ తీసిన రోజున అదే పని ఆ మిషన్ వెనకాల చేస్తుంది, చూడు. పిల్లలు ఏం చెబుతారో కూడా నీకు ముందే చెప్పగలను. దూకి, పట్టుకుని, మళ్లీ అదే చోటికి వచ్చి కూర్చుందంటాడు ఒకడు. పురుగుని కాలి కింద నొక్కిపెట్టి ముక్కుతో పీకిందంటుంది ఇంకో పిల్ల. గద్ద అటుగా వస్తే తనకంటే ఎన్నో రెట్లు పెద్దదని కూడా చూడకుండా వెంటపడి తరిమింది అని అరుస్తాడు మరొకడు. ఆ మాట వచ్చినప్పుడు నువ్వు ఒక్కటే అడుగు: ఎందుకు తరిమింది? జవాబు చెప్పకు. గూడు దగ్గరలో ఉందేమోనన్న ఆలోచన వాళ్లకే రానీ. ధైర్యం గల ఈ పిట్ట గూడు ఉన్న చెట్టు మీదే గువ్వలూ పిగిలిపిట్టలూ కూడా గూళ్లు కట్టుకోవడం చూస్తే, ఎందుకో వాళ్లే చెబుతారు.

పేరు ఆఖర్న చెప్పు. ముందే చెబితే చూడటం ఆగిపోతుంది. అప్పటిదాకా 'కత్తెర తోకోడు' అని వాళ్లే ఏదో ఒకటి పెట్టుకుంటారు, పెట్టుకోనీ.

ఒక్క పిట్ట దగ్గర అంతసేపు నిలబడితే ఏం వస్తుందని మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా తల్లిదండ్రులు అడిగితే సలీం అలీ సంగతి చెప్పు. 1930లో మహారాష్ట్ర తీరంలోని కిహిం అనే పల్లెలో ఆయన గిజిగాడి గూళ్ల దగ్గర నెలల తరబడి కూర్చున్నాడు. మన దేశంలో ప్రతి పల్లెకీ తెలిసిన పిట్ట అది, ఈతచెట్టుకి వేలాడే ఆ గూళ్లని చూడనివాళ్లు లేరు. అయినా మగపిట్ట గూడు సగం దాకా అల్లి ఆపేస్తుందనీ, ఆడపిట్ట వచ్చి లోపలంతా తిరిగి చూసి నచ్చితేనే అందులో చేరుతుందనీ, అప్పుడు మిగతా సగం పూర్తిచేసి ఆ మగపిట్ట పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో జోడు వెతుక్కుంటుందనీ ఆయన అట్లా కూర్చుని చూస్తేనే లోకానికి తెలిసింది. ఆ మరుసటి ఏడే, 1931లో, నిజాం రాజ్యంలో పక్షుల సర్వేకి మన వైపు వచ్చి ఊరూరా తిరిగాడు. నవంబర్ 12న ఆయన పుట్టినరోజు. ఆ వారంలో వచ్చే ఆదివారానికి మీ ఆట మొదలుపెడితే నాకు మరీ సంతోషం.

రెండో ఆట చెవులకి. కళ్లు మూసుకుని అందరూ అయిదు నిమిషాలు కూర్చోవాలి. కొత్త కూత వినబడినప్పుడల్లా ఒక వేలు మడవాలి, అది ఎటునుంచి వస్తోందో రెండో చేత్తో చూపించాలి. కళ్లు తెరిచాక ఎవరి చెయ్యి ఎటు ఉందో చూసుకుంటే భలే ఉంటుంది. ఈ ఆటకి మంచి కాలం జనవరి చివరి నుంచి ఎండాకాలం దాకా. అప్పుడు కంసాలిపిట్ట మొదలుపెడుతుంది. టుక్, టుక్, టుక్, టుక్ అని ఆగకుండా, చిన్న సుత్తితో రేకు మీద కొట్టినట్టు. పిల్లలు ఒకడు రావిచెట్టు పైకొమ్మ చూపిస్తాడు, ఇంకొకడు ఎదురు బ్లాక్ చూపిస్తాడు. ఇద్దరిదీ తప్పు కాదు. అది తల అటొకసారి ఇటొకసారి తిప్పుతూ కూస్తుంది, చప్పుడు చోటు మారినట్టు అనిపిస్తుంది. అప్పుడు దాన్ని వెతికించు. పిచ్చుకంత ఉండే ఆకుపచ్చ పిట్ట, ఆకుల మధ్య అసలు దొరకదు. పైన, ఆకు రాలిన కొమ్మ చివర చూడమను. నుదుటి మీద ఎర్ర మచ్చ, గొంతు పసుపు. దొరికాక దాని ముక్కునే చూడమని చెప్పు. ముక్కు తెరవదు! మూసిన ముక్కుతోనే కూస్తుంది, ప్రతి టుక్‌కీ గొంతు ఉబ్బి తగ్గుతుంది. ఇది చూసిన పిల్లలు ఇంటికెళ్లి తాతయ్యలకి గొంతు ఉబ్బించి చూపించడం నేను ఎన్నోసార్లు చూశాను.

పిల్లలు ఇళ్లకి వెళ్లాక చేసే పని ఒకటుండాలి. అచ్చు కార్డులు కొనకుండా వాళ్ల చేతే గీయించు. పాత పెళ్లిపత్రికల వెనక వైపు చాలు. బొమ్మ ఎట్లా వచ్చినా ఫరవాలేదు, దాని కింద పిట్ట చేసిన పని ఒక్క వాక్యం తెలుగులో రాయాలి. ఏడాది తిరిగేసరికి మీ అపార్ట్‌మెంట్‌కి సొంత పక్షుల పెట్టె తయారవుతుంది. మొదటి మూడు నెలలకి ఇవి చాలు: కాకి, గోరింక, రామచిలుక, పసుల పోలిగాడు, తేనెపిట్ట, పిగిలిపిట్ట, గద్ద, కోకిల, తీతువు, లకుముకిపిట్ట, గుడ్డికొంగ, నీటికాకి. కోకిలకి రెండు కార్డులు గీయించు. మగది నల్లన, కన్ను ఎరుపు. ఆడది గోధుమరంగు, ఒళ్లంతా తెల్ల చుక్కలు. ఆడకోకిలని చాలామంది పెద్దలు కూడా జన్మలో చూసి ఉండరు, కాకిగూడు ఉన్న చెట్టుని దూరం నుంచి కాపేస్తే కనబడుతుంది.

వానపడి బయటికి వెళ్లలేని రోజున వైకుంఠపాళి ఆడించు. గళ్లు గీసి నిచ్చెనల దగ్గర నీళ్లగిన్నె, రావిచెట్టు పండ్లు, గూటికి దొరికిన సాలెగూడు పోగులు రాయి. పాముల నోట్లో మాంజా, గాజు అద్దాల గోడ, చెత్తతో పూడ్చిన కుంట. పాములు ఏవి కావాలో పిల్లల్నే అడుగు.

చలికాలం రాగానే నెలకొక ఆదివారం అమీన్‌పూర్ పెద్ద చెరువుకి తీసుకెళ్లు. ఆటోలో వెళ్లొచ్చేంత దగ్గర. ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటి చెరువు అది. 2016లో దానికి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. నగరం అంచున ఉన్న ఒక చెరువుకి ఆ గుర్తింపు రావడం మన దేశంలో అదే మొదటిసారి. నవంబర్ నుంచి మార్చి దాకా వలస బాతులు దిగుతాయి, కొన్ని ఏళ్లలో ఫ్లెమింగోలు కూడా నిలబడతాయి. ఫ్లెమింగోలు ఉంటే అందరూ అటే పరిగెడతారు. పరిగెత్తనీ, పిల్లలు కదా. కానీ ఆ తర్వాత వాళ్లని గట్టు మీద కూర్చోబెట్టి, ఒడ్డున బురదలో ఉన్న గుడ్డికొంగని వెతకమను.

దీన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పిట్ట పిల్లల్ని పట్టేస్తుంది. మెడ భుజాల్లోకి ముడుచుకుని, మట్టిరంగు గీతలతో, తడిసిన కట్టెముక్కలా నిలబడి ఉంటుంది. అయిదడుగుల దూరంలో ఉన్నా కనబడదు. వేలుపెట్టి చూపించాక కూడా 'ఎక్కడ, ఎక్కడ' అంటారు. నువ్వు తొందరపడకు. ఒక కాలు లేస్తుంది, అంత నెమ్మదిగా దిగుతుందంటే నీళ్లు కదలవు. మెడ కొంచెం ముందుకి సాగుతుంది. ఆ మెడ అంత పొడుగుందా అని పిల్లలు అనుకునేలోపు ముక్కు నీళ్లలో పడి పైకొస్తుంది, చిన్న చేప మెరిసి లోపలికి పోతుంది. మళ్లీ కట్టెముక్క. ఇంతలో కుక్క వస్తుంది గట్టు వెంట, కొంగ లేస్తుంది. రెక్కలు విప్పగానే తెల్లటి తెలుపు! ఇంతసేపు ఆ తెలుపంతా ఎక్కడ దాచిందని పిల్లలు కేకలేస్తారు. ఆ రోజు చింతగింజలు చాలవు నీకు.

పాలపిట్ట గురించి బాబు అడిగాడన్నావు. మొన్న దసరాకి జమ్మి దగ్గర ఎవరో పంజరంలో చూపించి డబ్బులు తీసుకున్నారని రాశావు, చదివి మనసు చివుక్కుమంది. రెక్కలు కత్తిరించి, కట్టేసి తిప్పుతారు దాన్ని, ఆ తర్వాత అది బతకదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. మన తెలంగాణ రాష్ట్ర పక్షికి మనమే పండగ పేరుతో అట్లా చేయడం నాకు భరించలేని సంగతి. 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక పాలపిట్టలు దేశమంతటా బాగా తగ్గిపోతున్నాయని చెప్పింది. ఆ నివేదికకి ఆధారం దాదాపు 30 వేల మంది పక్షులు చూసేవాళ్లు ఇచ్చిన 3 కోట్ల నమోదులు, వాళ్లలో మామూలు ఉద్యోగులూ, చదువుకునే పిల్లలూ ఉన్నారు. బాబుకి పంజరంలో పిట్ట వద్దని మాత్రమే చెప్పి వదిలేయకు, బయట చూపించు. బీడు భూములున్న వైపు, కరెంటు తీగల మీద ఒంటరిగా, మసకగా కూర్చుని ఉంటుంది. అది ఎగిరేదాకా ఆగాలి. రెక్కల నీలం అప్పుడే కనబడుతుంది. వచ్చే దసరాకి మీ అపార్ట్‌మెంట్ వాళ్లంతా అట్లా వెళ్లి చూసొస్తే ఎంత బాగుంటుందో.

ఇంకో ముఖ్యమైన మాట. ఆటలో మీ వాచ్‌మన్‌ని, తోటమాలిని, ఇస్త్రీ బండి ఆయన్ని కూర్చోబెట్టుకో. వాళ్లలో చాలామంది పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చినవాళ్లు, పొలాల్లో పెరిగినవాళ్లు. నువ్వూ నేనూ పుస్తకం చూసి చెప్పేది వాళ్లు కూత విని చెబుతారు. కడప జిల్లాలో కలివికోడి దొరికింది ఇట్లాంటి మనిషి వల్లే. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న పిట్ట అది. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వచ్చి పల్లెపల్లెకీ బొమ్మలు చూపిస్తూ తిరిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట దాన్ని పట్టుకుని చూపించాడు. ముళ్లపొదల్లో చీకట్లో తిరిగే ఆ పిట్టని అన్నేళ్లూ శాస్త్రజ్ఞులెవరూ చూడలేకపోయారు. తర్వాత దాని కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఈ కథ పిల్లలకి చెప్పు, వాచ్‌మన్ ఎదురుగా చెప్పు. ఆ తర్వాత 'నువ్వేం చూశావు' అని వాళ్లు ఆయన్నే అడుగుతారు.

కొన్ని విషయాల్లో మాత్రం గట్టిగా ఉండు. గూడు దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లకు. తేనెపిట్ట మీ బాల్కనీ తీగకే గూడు కట్టినా సరే, గది లోపలి నుంచే చూడాలి. ఫోన్లో కూత వినిపించి పిట్టని రప్పించకూడదు, అది తన చోటులోకి ఇంకోటి వచ్చిందని తిండి మానేసి వెతుక్కుంటుంది. కూత విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ నీ దగ్గర ఉంటే ఉంచుకో, మంచిదే, కానీ ఆట అయ్యేదాకా సంచిలోంచి తీయకు. పావురాలకి గింజలు చల్లడం ఆటలో కలపకు, అవి ఇప్పటికే ప్రతి ఏసీ డబ్బా వెనకా ఉన్నాయి. ఎండాకాలంలో లోతు తక్కువ మట్టిమూకుడులో నీళ్లు పెట్టండి, రోజూ కడిగి మార్చండి. సంక్రాంతి అయ్యాక వచ్చే ఆదివారం ఆట మానేసి చెట్లకి చిక్కుకున్న మాంజా తీయించు. 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్ మాంజాని దేశమంతటా నిషేధించింది, అయినా ఏటా కొమ్మల్లో మిగిలి కొంగల రెక్కలూ గద్దల రెక్కలూ కోస్తూనే ఉంది. పెద్ద పిల్లలు పొడవాటి కర్రలతో లాగితే, చిన్నవాళ్లు ముక్కలు ఏరి డబ్బాలో వేస్తారు. చేతికి గ్లోవ్స్ మర్చిపోకు.

పక్షి ఏదీ కనబడని ఆదివారాలు ఉంటాయి. ముసురు పట్టినప్పుడు, పక్కన కొత్త టవర్‌కి పునాది తవ్వుతున్నప్పుడు. అప్పుడు రాలిన ఈకలు, పండు మీద ముక్కు గాట్లు, బురదలో కాళ్ల ముద్రలు వెతికించు. ఈకలు చూసి అక్కడే వదిలేయాలి. ఏ ఆదివారం ఎవరూ రాకపోయినా నువ్వూ బాబూ దిగండి.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటుంది. 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి మన దేశంలోనూ జరుగుతోంది. పదిహేను నిమిషాలు ఒక చోట నిలబడి కనబడ్డవన్నీ లెక్కపెట్టి ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కించడమే. అప్పటికి మీ పిల్లలకి మూడు నెలల చూపు అలవాటై ఉంటుంది కాబట్టి లెక్క పెట్టనీ, ఇక నేను అడ్డుచెప్పను. మైసూరులోని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్ల 'ఎర్లీ బర్డ్' బృందం పిల్లల కోసం పోస్టర్లు, ఆటలు మన భాషల్లో తయారుచేస్తోంది, అవి కూడా చూడు. మన ఊళ్లోనే డెక్కన్ బర్డర్స్ ఉన్నారు, 1980లో ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘంగా మొదలైనవాళ్లు. వాళ్ల నడకలకి నువ్వొక్కదానివే రెండుమూడుసార్లు వెళ్లిరా, ఆ తర్వాత పిల్లల్ని తీసుకెళ్లు.

నా పాత బైనాక్యులర్ మీ బాబాయితో పంపుతున్నాను. కటకాలు చీరకొంగుతో తుడవకు, మెత్తటి గుడ్డ డబ్బాలోనే ఉంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి అది బరువు, ఇవ్వకు. చింతగింజలు కూడా ఒక పొట్లం కట్టి పంపుతున్నాను, ఈ ఏటివే. మొదటి ఆదివారం ఎవరెవరు వచ్చారో, పసుల పోలిగాడు ఏం చేసిందో బాబు చేతే రాయించి పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ